వండర్‌లానా, రామోజీనా: క్యూ లెక్క, షో టైమింగ్ లెక్క

ఊరి నుంచి చుట్టాలు దిగితే చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్ మొదటి రోజే అయిపోతాయి. రెండో రోజుకు మిగిలేది ఒక్కటే పంచాయితీ: వండర్‌లానా, రామోజీనా? పిల్లలు వండర్‌లా అంటారు, అమ్మమ్మ రామోజీ అంటుంది, డబ్బులు కట్టే మనిషి రెండింటి రేట్లూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. రేట్లు చూస్తే తేలే వ్యవహారం కాదిది. రెండు చోట్లా టికెట్ పెట్టి కొనేది ఒక పగటిపూట. దాన్ని ఒకచోట క్యూ తింటుంది, ఇంకోచోట తప్పిపోయిన షోలు తింటాయి. ఏది ఎక్కడ ఎంత తింటుందో ముందే తెలిసినవాళ్లకు రెండూ గిట్టుబాటే.

రామోజీ ఫిల్మ్ సిటీ వయసులో పెద్దది, 1996 నాటిది. విజయవాడ హైవే మీద హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక వస్తుంది. వండర్‌లా 2016 ఏప్రిల్‌లో ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర, రావిర్యాలలో మొదలైంది. కొచ్చి (2000), బెంగళూరు (2005) తర్వాత ఆ సంస్థకు ఇది మూడో పార్కు. విస్తీర్ణంలో పోలికే లేదు. ఫిల్మ్ సిటీని జనం 2 వేల ఎకరాలంటారు, గిన్నిస్ రికార్డులో ఉన్న అంకె 1,666 ఎకరాలు. వండర్‌లా సుమారు 50 ఎకరాలు. అంటే ముప్పై మూడు వండర్‌లాలు పట్టేంత జాగా. ఒకచోట బస్సెక్కి తిరగడం, ఇంకోచోట చెప్పులు చేత పట్టుకుని ఒక కొలను నుంచి ఇంకో కొలనుకు పరుగెత్తడం అనే తేడా ఇక్కడి నుంచే వచ్చింది.

గేమ్స్ కోసమే వెళ్లేవాళ్లకు (హైదరాబాద్‌లో రైడ్ అనే మాట టికెట్ కౌంటర్ దాకానే, లోపలికెళ్లాక అన్నీ గేమ్సే) వండర్‌లా ముందు ఇంకో పేరు రాదు. అక్కడి పెద్ద ఆకర్షణ రీకాయిల్. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ ప్రపంచమంతా అమ్మిన బూమరాంగ్ అనే మోడల్ రోలర్ కోస్టర్ ఇది. దీని పనితీరు తెలిస్తే దీని క్యూ ఎందుకు తరగదో కూడా తెలుస్తుంది.

మామూలు రోలర్ కోస్టర్ పట్టా గుండ్రంగా కలిసిపోతుంది. ఒక రైలు తిరుగుతుండగా ఇంకోదాంట్లో జనాన్ని ఎక్కించవచ్చు. బూమరాంగ్ పట్టా కలవదు. రెండు చివర్లా ఆకాశంలోకి లేచిన రెండు టవర్లు, మధ్యలో స్టేషన్, మెలికలు. ఏడు పెట్టెల రైలు, పెట్టెకు నలుగురు, మొత్తం 28 మంది. రైలును వెనక నుంచి పట్టుకుని మొదటి టవర్ మీదికి వెనక్కి లాగుతారు. ఆ లాగుడు సేపంతా కూర్చున్నవాళ్ల ముఖాలు నేలవైపు ఉంటాయి, ఒంటి బరువంతా భుజాల మీది హార్నెస్ మీద వాలుతుంది. పైన కొక్కెం వదలగానే రైలు వచ్చిన దారినే కిందికి దూకి, స్టేషన్ గుండా దూసుకెళ్లి, పడగ విప్పిన తాచులా ఉండే కోబ్రా రోల్‌లో రెండుసార్లు, ఆ వెంటనే నిలువు లూప్‌లో ఒకసారి తలకిందులవుతుంది. ఆ ఊపుతో రెండో టవర్ ఎక్కేసరికి అక్కడి చైను అందుకుని పై దాకా లాగుతుంది. మళ్లీ వదిలితే ఇదంతా వెనక్కి. మూడూ మూడూ ఆరు తలకిందులు, రెండు నిమిషాలలోపే. ముందుకు వెళ్లేటప్పుడు మలుపు కంటికి కనపడుతుంది కాబట్టి మెడ దానంతటదే బిగుస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ సూచన ఉండదు, అందుకే దిగినవాళ్లలో ఎక్కువమంది రెండో సగమే ఎక్కువ భయపెట్టిందంటారు.

ఈ మోడల్ ఎత్తు 35.5 మీటర్లు, అంటే దాదాపు పన్నెండంతస్తులు. గరిష్ఠ వేగం గంటకు 76 కి.మీ. దగ్గర. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్లకు ఇక్కడ అనుమానం రావాలి. 35.5 మీటర్ల నుంచి అడ్డూ ఆపూ లేకుండా పడిన వస్తువు వేగం నేల చేరేసరికి 95 కి.మీ. ఉంటుంది. మిగతా 19 ఏమైనట్టు? రైలు పొడవే చాలావరకు దాన్ని మింగుతుంది. తోక టవర్ కొసన ఉన్నప్పుడు తల ఇంకా చాలా కిందే ఉంటుంది. వేగాన్ని తేల్చేది తోక ఎత్తు కాదు, మొత్తం రైలు బరువుకు మధ్యబిందువు ఎత్తు. పైగా పట్టా అడుగుభాగం కూడా నేలను తాకదు, కొంత ఎత్తులోనే ఉంటుంది. చక్రాల రాపిడి, గాలి తమ వంతు తీసుకుంటాయి. ప్రకటనల్లోని ఎత్తు చూసి వేగం అంచనా కడితే ప్రతిసారీ ఎక్కువే వస్తుంది.

సీటు ఎంపికకు కూడా ఇదే సూత్రం. మొదటి టవర్ మీద అందరికంటే ఎత్తులో ఉండేది చివరి వరుస, రెండో టవర్ మీద ముందు వరుస. నేలను చూస్తూ వేలాడటం కావాలంటే మొదటి పెట్టె, పైనుంచి లాగి విసిరినట్టుండాలంటే చివరిది. మెడ బాగుండాలనుకునేవాళ్లు మధ్య పెట్టెలు ఎంచుకుని, తల వెనక్కి సీటుకు గట్టిగా ఆనించి ఉంచాలి. కోబ్రా రోల్‌లో తల అటూఇటూ ఊగి చెవులు హార్నెస్‌కు కొట్టుకోవడమే ఈ మోడల్ మీద ప్రపంచమంతటా వినపడే ఫిర్యాదు. కమ్మలు, బుట్టలు తీసేసి ఎక్కమనేది అందుకే.

ఇక క్యూ. రైలు ఒక్కటే, దారి ఒక్కటే. అది పోయి వచ్చి, 28 మంది దిగి, బ్యాగులు తీసుకుని, ఇంకో 28 మంది కూర్చుని, ఒక్కో హార్నెస్‌నూ సిబ్బంది లాగి చూసేదాకా ఇంకో రైలు కదలదు, అసలు ఇంకో రైలే లేదు. ట్రిప్పుకు నాలుగు నిమిషాలైతే గంటకు 15 ట్రిప్పులు, 420 మంది. మూడు నిమిషాలకు తెస్తే 560. ఆ ఒక్క నిమిషం ఎవరి చేతుల్లో ఉందంటే సగం ఎక్కేవాళ్ల చేతుల్లోనే ఉంది. కూర్చున్నాక ఫోన్ ఎక్కడ పెట్టాలో వెతుక్కునేవాళ్లు, కళ్లజోడు ఎవరికివ్వాలో ఆలోచించేవాళ్లు ట్రిప్పుకు ముగ్గురున్నా నిమిషం ఇట్టే పోతుంది.

క్యూలో చేరేముందు వేసుకోవాల్సిన లెక్క సులువు. రైలు ఒకసారి కదిలినప్పటి నుంచి మళ్లీ కదిలేదాకా ఫోన్‌లో టైం చూడాలి. ముందున్న జనాన్ని పదులుగా లెక్కపెట్టాలి. 300 మంది ఉండి, ట్రిప్పు నాలుగు నిమిషాలైతే 11 ట్రిప్పులు, ముప్పావుగంట. ఫాస్ట్ ట్రాక్ టికెట్ ఉన్నవాళ్లు పక్క దారిలో వస్తుంటే ఈ లెక్క మారుతుంది. ప్రతి రైల్లో వాళ్లకు 8 సీట్లు పోతే మామూలు క్యూకు మిగిలేవి 20, గంటకు 420 కాస్తా 300 అవుతుంది. అప్పుడు ముప్పావుగంట క్యూ గంట క్యూ. రద్దీ రోజున ఫాస్ట్ ట్రాక్ డబ్బులకు న్యాయం జరుగుతుంది. మంగళవారం, స్కూళ్లున్న రోజుల్లో కొంటే మాత్రం ఖాళీ రోడ్డు మీద టోల్ కట్టినట్టే.

అప్పుడప్పుడు జనం నిలబడి ఉండగానే రైలు ఖాళీగా తిరుగుతుంటుంది. సిబ్బంది సరదాకు తిప్పుతున్నారనుకుంటారు. బూమరాంగ్ బలహీనత రెండో టవర్ దగ్గర ఉంది. రైలు ఆ టవర్ మీద చైను అందుకునేంత ఎత్తుకు సొంత ఊపుతోనే చేరాలి. చేరకపోతే వెనక్కి జారి, ఊగి ఊగి మెలికల మధ్య పల్లంలో ఆగిపోతుంది. అప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరిగా దించి, రైలును తాళ్లతో లాగడం తప్ప దారి లేదు. చలి ఉదయాల్లో గ్రీజు గట్టిపడి చక్రాలు బరువుగా తిరుగుతాయి, ఎదురుగాలి ఊపు తగ్గిస్తుంది, ఖాళీ రైలుకు బరువు తక్కువ కాబట్టి గాలి దెబ్బ దానికే ఎక్కువ తగులుతుంది. అందుకే ఖాళీ రైలు నిబ్బరంగా తిరిగాకే మనుషుల్ని ఎక్కించడం ఆనవాయితీ. ఉరుములు, మెరుపులు, పెద్ద గాలి వస్తే ఎత్తైన గేమ్స్ ఆపేయడం కూడా ఇలాంటిదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం వానలు హైదరాబాద్‌లో మామూలు కాబట్టి ఆ నెలల్లో పెద్దవి మధ్యాహ్నంలోపే ముగించడం మేలు.

ఎత్తు గీత దగ్గర జరిగే గొడవ ఇంకోటి. వండర్‌లాలో పిల్లల టికెట్ వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెం.మీ. లోపు ఉచితం, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. గేటు దగ్గర 138 ఉన్న పిల్లవాణ్ని చూసి డబ్బులు మిగిలాయని సంతోషించిన తండ్రే, పెద్ద గేమ్ దగ్గర గీత కింద ఆగిపోయిన కొడుకును చూసి "రెండు సెంటీమీటర్లేగా" అని వాదనకు దిగుతాడు. భుజాల మీదికి దిగే హార్నెస్ ఒక ఎత్తు మనిషి భుజాల కోసం తయారైంది. అంతకంటే పొట్టివాళ్లకు అది ఒంటికి ఆనకుండానే లాక్ అవుతుంది, తలకిందులైనప్పుడు ఆ సందులోంచి జారే ప్రమాదముంది. బొజ్జ పెద్దవాళ్లది దీనికి సరిగ్గా ఎదురు సమస్య: హార్నెస్ చివరి మెట్టు దాకా దిగదు, లాక్ పడదు, దిగిపోక తప్పదు. పన్నెండేళ్ల కొడుకు చూస్తుండగా దిగడం నామర్దాగా ఉంటుంది కాబట్టి అనుమానమున్నవాళ్లు ముందే సిబ్బందిని అడగడం మంచిది.

బిరియానీ విషయం కూడా చెప్పాలి. తలకిందులయ్యే గేమ్‌కూ భోజనానికీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. ఈ ఊళ్లో ఈ నియమం పాటించేవాళ్లు తక్కువ. ఉదయం పూట పెద్ద డ్రై గేమ్స్, ఆలస్యంగా, తేలికగా భోజనం, తర్వాత నీళ్లు అనే వరుస కడుపుకూ క్యూకూ రెండిటికీ సరిపోతుంది. ఒకసారి నీళ్లలో దిగితే మళ్లీ లాకర్, బట్టలు మార్చుకోవడం అంటే అరగంట హాంఫట్.

నీళ్ల దగ్గర అందరికీ చిరాకు తెప్పించే నియమం నైలాన్ బట్టలు. కాటన్ టీషర్టు, జీన్స్, చుడీదార్ పనికిరావు. దుకాణంలో బట్టలు అమ్ముకోవడానికే ఈ రూలని జనం గొణుగుతారు గానీ, కారణాలు మూడున్నాయి. కాటన్ పోగులు ఊడి ఫిల్టర్లలో చేరి అడ్డుపడతాయి, రంగు వదులుతుంది. తడిసిన కాటన్ బరువెక్కి ఫైబర్ జారుడుబల్లకు అతుక్కుంటుంది. జారే మనిషి మధ్యలో ఆగిపోతే వెనక వచ్చేవాళ్లు గుద్దుకుంటారు. జిప్పులు, హుక్కులు ఆ నునుపు పూతను గీకేస్తాయి, ఒక్కసారి గీత పడ్డ చోట వచ్చిన ప్రతి వీపూ గీరుకుపోతుంది. ఇంటి దగ్గరే బేగంబజార్‌లోనో ఏ స్పోర్ట్స్ షాపులోనో నైలాన్ లెగ్గింగ్, ఫుల్ స్లీవ్స్ టాప్ కొనుక్కుని వెళ్తే ఆ ఖర్చు రెండోసారికి కలిసొస్తుంది.

జారుడుబల్ల పైన చేతులు ఛాతీ మీద కట్టుకుని కాళ్లు మడమల దగ్గర పెనవేయమని అరుస్తుంటారు. వేగంలో బయటికి చాచిన మోచెయ్యి అంచుకు తగిలితే మనిషి గిర్రున తిరుగుతాడు. వేవ్ పూల్‌లో అలలు ఎప్పుడూ ఉండవు, విడతలుగా వదులుతారు. ఇలాంటి కొలనుల్లో సాధారణంగా లోతైన గోడ వెనక గదుల్లోకి గాలిని ఫ్యాన్లతో దట్టించి నీటిని తోస్తారు. అల మొదలయ్యే వైపు లోతు ఎక్కువ, జనం సెల్ఫీల కోసం పోయేది కూడా అటే. ఈత రానివాళ్లు నడుము లోతు దాటకపోవడం మేలు, ఎందుకంటే అల వచ్చినప్పుడు నడుము లోతే మెడ లోతవుతుంది. కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందని తిడతారు. నిజానికి క్లోరిన్‌కు చెమట, మూత్రం కలిసి పుట్టే క్లోరమిన్లు మండిస్తాయి. దిగేముందు షవర్ కింద నిలబడమని బోర్డు పెట్టేది ఇందుకే, ఎవరూ చదవనిది కూడా అదే బోర్డు.

రామోజీలో ఈ లెక్కలేవీ పనికిరావు. అక్కడ గేమ్స్ లేవని కాదు. ఫండూస్థాన్‌లో పిల్లలవి ఉన్నాయి, ఒళ్లు జలదరించే రకానికి సాహస్ ఉంది, దానికి ప్యాకేజీ వేరు. కానీ రీకాయిల్ ఎక్కి వచ్చిన కుర్రాడికి ఫండూస్థాన్ చూపిస్తే నవ్వుతాడు. అక్కడ ప్రధాన సరుకు సినిమా పనితనం, దాన్ని అమ్మే పద్ధతి టైమ్‌టేబుల్. గేటు దగ్గర టికెట్, అక్కడి నుంచి బస్సులో యురేకా (టూర్లు, షోలు మొదలయ్యే చోటు), యురేకా నుంచి ఎర్ర బస్సులో సెట్ల టూర్, మధ్యమధ్య స్టంట్ షో, డ్యాన్స్ షో, సినిమా ఎలా తీస్తారో చూపే మూవీ మ్యాజిక్. థియేటర్ షోకు వందలమంది ఒకేసారి పడతారు కాబట్టి క్యూ బాధ తక్కువ. బదులుగా, షో మొదలైన ఐదు నిమిషాలకు చేరితే ఆ షో పోయినట్టే. తర్వాతి షో గంటో రెండు గంటలో తర్వాత, అప్పటికి బస్సు ఇంకో మూలన ఉంటుంది.

అక్కడ జరిగే పొరపాటు దాదాపు ఒక్కటే: దిగగానే ఎర్ర బస్సెక్కేయడం. టూర్ ఎప్పుడైనా దొరుకుతుంది, షోలు దొరకవు. యురేకాలో అడుగుపెట్టగానే ఆ రోజు షోల వేళలు ఫోటో తీసుకుని, కావలసిన వాటికి గుండ్రాలు చుట్టి, మిగిలిన ఖాళీల్లో సెట్లు, తోటలు, పక్షుల పార్కు ఇరికించాలి. వేసవిలో షెడ్డు నీడలో ఉండే మూవీ మ్యాజిక్‌ను ఒంటిగంటకు పెట్టుకోవాలి, తోటలను నాలుగు తర్వాతకు నెట్టాలి. మే నెల మిట్టమధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో మొఘల్ గార్డెన్ మెట్ల మీద నిలబడి అందం చూడటం ఎవరి వల్లా కాదు.

పనితనం దగ్గరగా చూడాలంటే యాక్షన్ స్టూడియో. జనంలోంచే ఒకరిద్దరిని వేదిక మీదికి లాగి కదలని గుర్రపుబండిలో కూర్చోబెడతారు. మనిషి గాలిలో కొరడా ఝళిపిస్తుంటాడు, చూసేవాళ్లు పగలబడి నవ్వుతుంటారు. తర్వాతి గదిలో ఇంకొందరి చేతికి రకరకాల సామాన్లిచ్చి గిట్టల చప్పుడు, చక్రాల చప్పుడు వాళ్లతోనే చేయిస్తారు. ఆఖరి గదిలో ఆ రెండూ కలిపి తెర మీద వేస్తే, కదలని బండి పరుగెత్తుతుంది. ఇరవై ఏళ్లుగా సినిమాలు చూస్తున్నవాళ్లు కూడా అక్కడ నోరెళ్లబెడతారు. ఆ తర్వాత సెట్ల టూర్‌లో ఒకే భవనం ఒకవైపు నుంచి విమానాశ్రయం, ఇంకోవైపు నుంచి ఆస్పత్రి, వేరే వైపు నుంచి చర్చి అని గైడు చెప్పినప్పుడు ఆ మాట బుర్రకెక్కుతుంది. వరుస తారుమారై సెట్లే ముందు చూస్తే అవి రంగేసిన ప్లాస్టర్ గోడలే. కొట్టి చూస్తే డొల్ల చప్పుడు, అంతే.

అందుకని మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, అయిదారేళ్లలోపు పిల్లలు ఉన్న గుంపుకు రామోజీ నయం. నడక ఉంది గానీ బస్సు ఉంది, కూర్చుని చూసేవి ఎక్కువ. అమ్మమ్మను వండర్‌లాకు తీసుకెళ్తే టికెట్ కట్టి బ్యాగులకు కాపలా పెట్టినట్టే అవుతుంది. పన్నెండు నుంచి ముప్పై మధ్యవాళ్లు, 140 గీత దాటినవాళ్లు ఎక్కువగా ఉన్న గుంపుకు వండర్‌లాయే. రెండు వయసులూ కలిసిన కుటుంబానికి అందరికీ నచ్చే జవాబు లేదు. వండర్‌లాలోని మిషన్ ఇంటర్‌స్టెల్లర్ లాంటివి పెద్దవాళ్లూ ఎక్కగలరు. కూర్చున్న సీట్లు భారీ తెర ముందుకు లేచి కాళ్లు గాలిలో వేలాడటమే తప్ప తలకిందులు లేవు. అది ఒక్కటి చూపించి ఊరుకోబెట్టడానికి రోజంతా టికెట్ ఎక్కువే.

ఖర్చులో టికెట్ కాకుండా వచ్చేవి ముందే కలుపుకోవాలి: లాకర్, పార్కింగ్, భోజనం. పార్కు టికెట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది 2018 జనవరిలో. ఆన్‌లైన్‌లో చూసిన ధర పన్నుతోనా, పన్ను కాకుండానా అన్నది చెల్లించే పేజీలోనే తేలుతుంది. వారాంతపు ధరకూ మామూలు రోజు ధరకూ తేడా ఉన్నచోట, ఆదివారం ఎక్కువ కట్టి తక్కువ గేమ్స్ ఎక్కి రావడం ఖాయం.

రామోజీకి సొంత బండి లేనివాళ్లు ఎల్బీనగర్ దాకా మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి హైవే మీద బస్సు పట్టుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో సాయంత్రం హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌కు అదనంగా ముప్పావుగంట ఉంచుకోవాలి. సంక్రాంతి చివర ఊళ్ల నుంచి బండ్లన్నీ తిరిగొచ్చే రోజైతే ఆ రోడ్డు మీదికి పోకపోవడమే మంచిది. వండర్‌లాకు మెట్రో లేదు, కారుంటే ఔటర్ మీద హాయి. బైకు మీద వెళ్లేవాళ్లు మ్యాప్ చెప్పిందని ఔటర్ ర్యాంపు ఎక్కకూడదు. అక్కడ ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, పక్కనున్న సర్వీస్ రోడ్డే గతి. మ్యాప్‌లో టూవీలర్ గుర్తు నొక్కి దారి చూసుకుంటే టైం సరిగ్గా చూపిస్తుంది, కారు గుర్తు మీద వదిలేస్తే పావుగంట తక్కువ చెబుతుంది. ఆ పావుగంటే ఉదయం రీకాయిల్ క్యూలో 300 మంది వెనక నిలబెడుతుంది.